కోడిపిల్లలకు వెచ్చదనము మాన్పించుట

పెరటికోళ్ల పెంపకము మన పల్లెలయందు తఱచుగా ఆడువారి చేతిపని. పంటసొమ్మును, జీతపుసొమ్మును ఇంటియజమాని చేతికి వచ్చినను, గ్రుడ్లమ్మిన సొమ్ము ఇల్లాలి కొంగుముడిలో నుండును. బిడ్డ పుస్తకమునకును, మందుసీసాకును ఒకరి నడుగ నక్కఱలేకుండ నాదుకొనునది ఆ సొమ్మే. దానికి మూలమైన కోడిపిల్లలు రెండు వేళల ఎక్కువగా నశించును: తెచ్చిన మొదటి వారమున నొకటి, వెచ్చని గూటినుండి పెరటిలోనికి మార్చునపుడు రెండవది. మొదటిదానియందు అందఱును జాగరూకులై యుందురు. రెండవ వేళకు పిల్లలు చురుకుగా పరుగెత్తుచుండుటచే గండము గడచినదని తలంతురు. కావున ఆ రెండవ వేళను గూర్చియే సోదరీమణులకు విన్నవింపదలచితిని.

తల్లికోడి వెంట తిరుగు పిల్లలకు మన సాయము స్వల్పముగ చాలును. కాని హైదరాబాదు రాజేంద్రనగరములోని కోళ్ల పరిశోధన సంస్థ పెరటిపెంపకమునకై రూపొందించిన వనరాజ, గ్రామప్రియ వంటి రకముల పిల్లలు యంత్రమున పొదుగబడి, తల్లి లేకయే మన యింటికి వచ్చును. బల్బు అమర్చిన గూడే వానికి తల్లిరెక్క. దీనినే బ్రూడరందురు. తల్లికోడి యేమి చేయునో గమనింతము. మొదటి దినములలో మాటిమాటికి పిల్లలను రెక్కలక్రిందికి పిలుచుకొనును. పిమ్మట పగలు తిరుగనిచ్చి, చలిగాలి వీచినప్పుడును, రాత్రులందును మాత్రము కప్పును. ఈకలు నిండిన తరువాత పొడిచి దూరముగా తరుమును. ఒక్కనాటిలో మాన్పించుట దాని పద్ధతి కాదు. మన పద్ధతియు నట్లే యుండవలెను.

పుట్టిన పిల్లమీద నుండునది నూగు మాత్రమే. అది తడిసిన యెడల వెచ్చదనమును నిలుపలేదు. శరీరపు వేడిని తానే కాపాడుకొను శక్తి రెండు మూడు వారములలో క్రమముగా కలుగును. నూగు పోయి ఈకలు నిండుటకు ఐదారు వారములు పట్టును. భారతము ఆదిపర్వమున, ఖాండవము దహింపబడునపుడు రెక్కలు రాని నలుగురు బిడ్డలను చూచి జరిత యను పక్షి పడిన వేదన చదివినవారికి తెలియును. రెక్కలు రానంతవరకు పక్షిపిల్లకు తల్లియే గతి. తల్లి లేనిచో ఆ భారము మనది.

మొదటి వారమున పిల్లల వీపు ఎత్తున నుంచిన ఉష్ణమాపకము 95 డిగ్రీల ఫారన్‌హీట్ చూపవలెను. పిదప వారమునకు 5 డిగ్రీల చొప్పున తగ్గింపవలెను: రెండవ వారము 90, మూడవ వారము 85, నాల్గవ వారము 80, ఐదవ వారము 75. బల్బును కొంచెము కొంచెముగా పైకెత్తి కట్టిన చాలును. అయినను లెక్కకంటె పిల్లల నడవడియే మేలైన సాక్షి. బల్బుక్రింద ఒకదానిపై నొకటి పడి కీచుమని యరచిన చలి యెక్కువ. నోరు తెరచి రొప్పుచు అంచులకు పోయిన వేడి యెక్కువ. అన్నియు నొక ప్రక్కకే చేరిన ఎటనుండియో గాలి కొట్టుచున్నది. అంతటను చెదరి, తినుచు, నిద్రించుచు నున్న యెడల వేడి తగినంత యున్నదని తెలియవలెను.

మన ప్రాంతమున ఋతువును బట్టి యీ లెక్క మారును. వైశాఖ జ్యేష్ఠములలో మధ్యాహ్నము గదియే 95 డిగ్రీలు దాటును. అప్పుడు బల్బు వెలిగించుట పిల్లలను వేపుటయే. రాత్రి చల్లబడిన తరువాత మాత్రమే అది అవసరమగును. మార్గశిర పుష్యములలో, అందును తెలంగాణ పీఠభూమి ఊళ్లయందును, మన్యమునందును, ఐదారు వారములు రాత్రివేడి వలసియుండును. వానకాలమున చలికి తేమయు తోడగును. ప్రేమచే వేడిని అవసరమునకు మించి పొడిగించుటయు కీడే. అతివేడిలో పెరిగిన పిల్లలకు ఈకలు ఆలస్యముగా వచ్చును, తిండి తగ్గును, ఒకదాని నొకటి పొడుచుకొనుటయు మొదలగును.

ముఖ్యముగా చెప్పవలసినది యిది. వేడి మాన్పించుట వేరు, చోటు మార్చుట వేరు, తిండి మార్చుట వేరు. ఈ మూడింటిని ఒకే దినమున చేయరాదు. గదిలో వాసన వచ్చుచున్నదనియో, కరెంటు ఖర్చగుచున్నదనియో నాల్గవ వారముననే పిల్లలను బయట వదలుట కలదు. ఆనాడే వేడి పోవును, చోటు మారును, దాణాకు బదులు నూకలు పడును. మూడు దెబ్బలు ఒక్కసారి తగిలిన పిల్ల ఏ చిన్న రోగమునకైనను లొంగిపోవును.

నాల్గవ వారమునుండి మొదట పగటివేడిని మానవలెను. మూడు నాలుగు దినములు గమనించి, పిమ్మట రాత్రి తొలిజామున ఆర్పియుంచి, చలి పెరుగు తెల్లవారుజామున మాత్రము వెలిగింపవలెను. ఆ తరువాత పూర్తిగా మాన్పింపవలెను. వేడిలేని మొదటి రాత్రులలో పిల్లలు మూలకు గుమిగూడి, అడుగునున్నవి ఊపిరాడక చచ్చుట కలదు. కావున గూటిమూలలను అట్టముక్కలతో గుండ్రముగా మూసి, పొడి ఊకను మందముగా పఱచి, పరుండుటకు ముందొకసారి దీపము పట్టి చూడవలెను. అదే గూటిలో వేడిలేక వారము దినములు సుఖముగా గడపిన తరువాతనే బయటి సంగతి తలపవలెను.

బయట విడుచుటకు ఆరు వారములు నిండుట మేలు. దినములు లెక్కించుటయే గాక, వీపును, రొమ్మును తడవి చూచి, ఈకలు కప్పినవో లేదో తెలిసికొనవలెను. మొదట మంచు ఆరి యెండ వచ్చిన పిదప, తీగవల చుట్టి పైన గూడ కప్పిన ఆవరణలో గంటసేపు విడువవలెను. నీడయు, నీరును అందుండవలెను. దినదినమునకు కాలము పెంపవలెను. గద్దను చూచి కేకవేయు తల్లి వీనికి లేదు గనుక పైకప్పు మరువరాదు. రాత్రిగూటికి పిల్లి, ముంగిస, పాము దూరని సన్నని వల కావలెను. కొత్తగూటిలో రెండు మూడు దినములు మూసియుంచినచో అదియే తమ యిల్లని నేర్చుకొనును. సాయంకాలపు మేతను గూటిలోనే, ఒకే రీతి పిలుపుతో పెట్టిన యెడల తామే తిరిగివచ్చును. ఇవి కుదురుకొనిన పిదప నూకలను, రాగులను దాణాతో కొంచెము కొంచెముగా కలుపుచు వారము దినములలో అలవాటు చేయవలెను. పెద్దకోళ్లతో వెంటనే కలుపరాదు. అవి పొడుచుటయే గాక, తమలో నడగియున్న రోగమును అంటించును.

రోగములలో రెండింటిని గుర్తుంచుకొనవలెను. ఊక తడిసి ముద్దయైన చోట రక్తపారుడు పుట్టును. ఊకను దినమును త్రిప్పుచు, తడిసినదానిని తీసివేయుచు నుండవలెను. రెట్టలో నెత్తురు కనబడిన నాడే పశువైద్యుని అడుగవలెను. రెండవది రాణీఖేత్ అను కొక్కెర తెగులు. దీనికి మొదటి వారమున లసోటా టీకాచుక్కలు కంటిలోనో ముక్కులోనో వేయింపవలెను. నాల్గవ వారమున మరల వేయింపవలెను. ఎనిమిది వారములు దాటిన పిదప ఆర్‌టూబీ టీకా సూదిమందుగా వేయింపవలెను. టీకా వేసిన నాడే చోటు మార్చరాదు.

ఆరు వారములు సాకిన పిల్ల పోయిన యెడల దానితోపాటు తినిన దాణాయు, కాలిన కరెంటును, రానున్న గ్రుడ్లును పోవును. చివర చూపు పదిదినముల ఓపిక యీ నష్టమును చాలవరకు తప్పించును. ప్రతి సాయంకాలమును గూడు మూయునపుడు పిల్లలను లెక్కించుట అలవాటు చేసికొనుడు. ఒక్కటి తగ్గిన నాడే కారణము వెదకిన, మిగిలినవి దక్కును.