కోటగోడల రేవు – కెమెరా ముందు డుబ్రోవ్నిక్

మన పల్లెలలో వీధినాటకమాడునపుడు ఒక తెర పట్టినచో అదియే రాజసభ యగును. చలనచిత్రమున కది చాలదు. కోట యనిన నిజమైన కోటవలె కనబడవలెను. అట్టి కోటకై చిత్రనిర్మాతలు వెదకి చేరిన స్థలములలో క్రొయేషియా దేశపు డుబ్రోవ్నిక్ ఒకటి.

ఏడ్రియాటిక్ సముద్రతీరమున నున్న ఈ రేవుపట్టణము పూర్వము రగూసా అను పేరుతో వర్తక గణరాజ్యముగా నుండెను. దీనిని చుట్టియున్న రాతిగోడల పొడవు 1,940 మీటర్లు. ఎత్తు కొన్నిచోట్ల 25 మీటర్లు. 1667లో భూకంపమువలన పట్టణము చాలవరకు కూలిపోగా, ప్రధానవీధిలోని ఇండ్లను మరల ఒకే తీరున కట్టిరి. 1979లో ఇది ప్రపంచ వారసత్వ స్థలమైనది. 1991–92లో జరిగిన ముట్టడిలో ఫిరంగి గుండ్లు పాత పట్టణపు 824 కట్టడములలో మూడింట రెండు వంతులకు పైగా తగిలెను. ప్రజలు వానిని ఓపికతో బాగుచేసికొనిరి.

గోడలు చెక్కుచెదరకుండుట, లోపలి వీధులలో వాహనములు తిరుగకుండుట, ఇండ్లన్నియు ఒకే తీరున నుండుట చిత్రనిర్మాతలకు కలిసివచ్చినవి. కావలసిన పని యెల్ల దుకాణముల బోర్డులవంటి నేటి వస్తువులను మరుగుపరచుటయే. లేని భవనములను కంప్యూటరు సాయమున చేర్చెదరు. ఇట్లు 2012 నుండి ‘గేమ్ ఆఫ్ థ్రోన్స్’ అను టెలివిజన్ ధారావాహికలో ఈ పట్టణము ఒక కల్పిత రాజధానిగా కనబడెను. 2016లో ‘స్టార్ వార్స్’ చిత్రము కొరకును ఇచట చిత్రీకరణ జరిగెను.

దీనివలన స్థానికులకు పనులు, బసలకు గిరాకి లభించినవి. కాని చిక్కును కలిగెను. అంతకు మునుపే పేరుపొందిన పట్టణమునకు ఇంకను జనము వెల్లువెత్తిరి. ఇండ్లు బసలుగా మారెను, అద్దెలు పెరిగెను. 1991లో సుమారు 5,000 మంది యుండిన పాత పట్టణమున, పాతికేండ్లు గడచునప్పటికి 2,000 మందియు మిగులలేదు. అందుచే 2019లో, ఒకేసారి రెండు విహారనౌకలకు మించి రేవునకు రాకుండ ఏర్పాటు చేసిరి.

తెరపై నగరమునకు కోటగోడలు చాలును. నిజమైన ఊరికి మాత్రము ఉదయమున తలుపు తీయువారును, బడికి పోవు పిల్లలును కావలెను. మన ఊళ్లలోని పాత బురుజులను, కోటలను చూచుటకు పదిమంది వచ్చిన సంతోషమే. అయితే వారి రాకవలన ఊరివారు ఊరు విడువవలసిన స్థితి రాకుండ ముందుగనే చూచుకొనవలెనని మా మనవి.