పాత అలవాటు, పాత స్థితి: ఇంగ్లీషు ఎలా చెబుతుంది?

‘తాతయ్య రోజూ చెరువుకు వెళ్ళేవారు’ అన్నది అలవాటు. ‘ఇంటి ముందు వేపచెట్టు ఉండేది’ అన్నది స్థితి. తెలుగులో రెండింటికీ క్రియ ఒకే తీరున నడుస్తుంది. ఇంగ్లీషు వీటి మధ్య గీత గీస్తుంది. మనవాళ్ళు తడబడేది ఆ గీత దగ్గరే.

‘యూజ్డ్ టు’ అలవాటుకూ స్థితికీ కూడా పనికొస్తుంది. ‘వుడ్’కు ఆ వెసులుబాటు లేదు. ‘హీ వుడ్ గో టు ద ట్యాంక్ ఎవ్రీ మార్నింగ్’ అనవచ్చు. ‘దేర్ వుడ్ బీ ఎ నీమ్ ట్రీ’ అంటే మాత్రం ఆ చెట్టు ఎక్కడో ఊహలో ఉన్నట్టు వినిపిస్తుంది. వుడ్‌కు మళ్ళీ మళ్ళీ జరిగే పని కావాలి. చెరువుకు వెళ్ళడం ఒకచోట ముగిసి మర్నాడు మళ్ళీ మొదలవుతుంది. చెట్టు ఉండటంలో ఆ పునరావృత్తి లేదు. పైగా ఏ కాలం సంగతో ముందే తెలిస్తేనే వుడ్ అతుకుతుంది. అందుకే ఇంగ్లీషు కథకులు తరచు యూజ్డ్ టుతో ఎత్తుకుని, తర్వాతి వాక్యాలను వుడ్‌తో నడిపిస్తారు.

వుడ్ అన్నది ‘విల్’కు భూతకాల రూపం. పాత ఇంగ్లీషులో ఆ క్రియకు ‘కోరు’ అని అర్థం. కోరిక నైజమై, నైజం అలవాటై ఈ వాడుక స్థిరపడింది. ‘యూజ్’ లాటిన్‌లో పుట్టి ఫ్రెంచి మీదుగా వచ్చింది. మధ్యయుగాల ఇంగ్లీషులో దానికి ‘అలవాటుగా చేయు’ అనే అర్థమూ ఉండేది. అప్పట్లో ఈ అర్థంలో వర్తమాన కాలంలోనూ వాడేవారు. ఆ వాడుక క్రమంగా పోయి, భూతకాల రూపం ఒక్కటే నిలిచింది. పలుకుబడీ మారింది: వస్తువును వాడినప్పుడు ‘యూజ్డ్’, అలవాటు చెప్పినప్పుడు ‘యూస్ట్’. సొంత అర్థమున్న మాట ఇలా వ్యాకరణానికి పనిముట్టుగా మారడానికి ఫ్రెంచి భాషావేత్త ఆంత్వాన్ మెయ్యే 1912లో పెట్టిన పేరునే ఇంగ్లీషులో ‘గ్రామటికలైజేషన్’ అంటున్నారు.

యూజ్డ్ టు అనగానే ‘ఇప్పుడు లేదు’ అని తోస్తుంది. అయితే అది సూచనే తప్ప అసలు అర్థంలో భాగం కాదని భాషావేత్త బెర్నార్డ్ కామ్రీ 1976లో తన ‘ఆస్పెక్ట్’ గ్రంథంలో వాదించాడు. ‘ఇప్పటికీ అంతే’ అని చేర్చినా వాక్యం చెడదు.

మొత్తం ఎన్నేళ్ళో, ఎన్నిసార్లో లెక్క చెప్పేటప్పుడు యూజ్డ్ టు, వుడ్ రెండూ కుదరవు. అక్కడ ‘ఐ లివ్డ్ ఇన్ గుంటూర్ ఫర్ ఫైవ్ ఇయర్స్’ అని మామూలు భూతకాలమే వాడాలి.

చివరగా ఒక హెచ్చరిక. ‘రోజూ అయిదింటికి లేస్తాను’ అనబోయి చాలామంది ‘ఐ యూజ్డ్ టు గెటప్ ఎట్ ఫైవ్’ అంటారు. వినేవాళ్ళకు ఆ అలవాటు మానేశారనే అర్థమవుతుంది. ఇప్పటికీ లేస్తుంటే ‘ఐ గెటప్ ఎట్ ఫైవ్’ అనండి, చాలు.