మంచు కొండల్లో లారీ డ్రైవర్: దారి మూసుకుంటే నష్టం ఎవరి నెత్తిన?

44వ నంబరు జాతీయ రహదారి మన కూలీలకు కొత్త కాదు. ఆదిలాబాద్ మొదలు అనంతపురం వరకు ఎన్నో ఊళ్లలో మనవాళ్లు ఆ రోడ్డు దాటే చేలోకి పోతారు. దానికి ఒక కొస కన్యాకుమారి, రెండో కొస శ్రీనగర్. మన చేల పక్కన చదునుగా పోయే ఆ రోడ్డే జమ్మూ దాటాక కొండ నడుముకు చుట్టిన పగ్గంలా మారిపోతుంది. ఒక పక్క రాతిగోడ, రెండో పక్క లోయ. చలికాలంలో అక్కడ లారీ తోలేవాళ్ల కథ రైతుకూలీల పేజీలో దేనికని అడగవచ్చు. కడదాకా చదివితే మీకే తెలుస్తుంది.

జమ్మూ నుంచి శ్రీనగర్‌కు సుమారు 270 కిలోమీటర్లు. 1956లో జవహర్ సొరంగం తెరిచారు. 2017లో చెనాని-నాశ్రీ సొరంగం, 2021లో బనిహాల్-ఖాజీగుండ్ సొరంగం వచ్చాయి. అన్నిటికన్నా ఎత్తయిన మంచు మలుపులు వీటివల్ల తప్పాయి. మంచిదే. అయినా రాంబన్, బనిహాల్ మధ్య కొండ మెత్తనిది. వాన పడినా, మంచు కరిగినా చరియలు విరిగి పడతాయి, పైనుంచి రాళ్లు దొర్లుతాయి. దాంతో దారి బందు. తెరిచాక కూడా చిన్న బండ్లు ముందు, లారీలు తర్వాత. చాలా రోజుల్లో లారీలను ఒకవైపు మాత్రమే వదులుతారు.

మంచు మీద బండి తోలడం అంటే ఏమిటి? కంటికి కనిపించే తెల్లని మంచుకన్నా, కనపడని గడ్డ ప్రమాదం. పగలు కరిగిన నీరు రాత్రికి రోడ్డు మీద అద్దంలా పేరుకుంటుంది. ఎండ తగలని మలుపుల్లో మధ్యాహ్నం దాకా అలాగే ఉంటుంది. అక్కడ బ్రేకు గట్టిగా తొక్కితే చక్రాలు తిరగడం ఆగుతాయి కాని లారీ ఆగదు, జారుతుంది. అందుకే డ్రైవర్ చిన్న గేరులో పెట్టి, ఇంజను పట్టుతోనే బండిని దించుతాడు. చక్రాలకు ఇనుప గొలుసులు కడతాడు. ఆ గొలుసులు కట్టేది మంచులో మోకాళ్ల మీద కూర్చుని, కొయ్యబారిన వేళ్లతో. శ్రీనగర్ దాటి జోజిలా కనుమ, ద్రాస్ వైపు పోతే చలికి మామూలు డీజిలు కూడా చిక్కబడిపోతుంది. ఇంత పనితనానికి మన లెక్కల్లో పేరు లేదు, 'లారీవాడు' అని ఒక్క మాటతో సరిపెడతాం.

ఆ లారీల్లో పోయేది ఏమిటి? పైకి గ్యాసు, డీజిలు, కూరగాయలు, మందులు. కిందికి యాపిల్. కాశ్మీరు ఏటా సుమారు 20 లక్షల టన్నుల యాపిల్ పండిస్తుంది. కోత కాలంలో కొంత పోతే, శీతల గిడ్డంగుల్లో దాచినది చలికాలమంతా ఢిల్లీ ఆజాద్‌పూర్ మార్కెట్‌కు, అక్కడినుంచి దేశమంతటికీ దిగుతుంది. 2018లోను, 2019లోను నవంబరు మొదటి వారంలోనే మంచు కురిసి, కాయలతో ఉన్న చెట్లు విరిగిపోయాయి. 2025 ఆగస్టు, సెప్టెంబరుల్లో వానలకు రోడ్డు తెగి వేల లారీలు నిలిచిపోయాయి. యాపిల్ లారీల్లోనే కుళ్లింది. రైతులు పండ్ల మండీలు మూసి నిరసన తెలిపారు. మదనపల్లె టమాటా రైతుకు ఈ బాధ వేరే చెప్పాలా? అదే సెప్టెంబరులో కాశ్మీరు నుంచి యాపిల్ పార్సెల్ రైలు నడిపారు. సంతోషం. కాని తోటనుంచి స్టేషను దాకా మోసేది మళ్లీ లారీయే.

మంచు కురవడం ప్రకృతి పని. ఆ నష్టం ఎవరి నెత్తిన పడాలో నిర్ణయించేది మాత్రం మనుషులు. దారి మూసుకుంటే సరుకు కుళ్లిన నష్టం రైతుది. కమీషన్ వ్యాపారి తరవాత వచ్చిన సరుకు మీద మళ్లీ కమీషన్ తీసుకుంటాడు. ట్రిప్పు లెక్కన కూలి తీసుకునే డ్రైవర్, క్లీనర్ నాలుగు రోజులు ఆగినా, పది రోజులు ఆగినా ట్రిప్పు ఒక్కటే. కాబిన్‌లోనే వంట, అక్కడే నిద్ర. తెచ్చుకున్న బత్తా తిండికే చాలదు. ఆగిన రోజుల కూలి మాటేమిటని అడిగితే 'మంచును అడుగు' అంటారు!

చట్టం లేదా? 1961 మోటారు రవాణా కార్మికుల చట్టం రోజుకు 8 గంటలు, వారానికి 48 గంటల పని అన్నది. అయితే అది అయిదుగురు, అంతకు మించి పనివారున్న సంస్థలకే నేరుగా వర్తించింది. ఒకటి రెండు లారీల ఓనరు దగ్గర చేసేవాడికి దిక్కు లేదు. 2025 నవంబరు 21న దాని స్థానంలో వృత్తి భద్రత కోడ్ అమలులోకి వచ్చింది. అందులో ఆ అంకె పదికి పెరిగింది. అంటే గొడుగు ఇంకా చిన్నదయింది.

ఇక్కడే మన సంగతి వస్తుంది. వ్యవసాయ కూలీ కూడా ఒక్కొక్క ఆసామి దగ్గర ఇద్దరు, నలుగురుగా చెదిరి పనిచేస్తాడు. కేరళలో 1974లోనే వ్యవసాయ కార్మికుల చట్టం తెచ్చారు. దేశమంతటికీ అలాంటి సమగ్ర చట్టం ఈనాటికీ లేదు. చెదిరి ఉన్నవాడిని చట్టం లెక్కించదు. పైగా ఆ స్టీరింగు పట్టినవాళ్లలో ఎందరో సెంటు భూమి లేని కుటుంబాల బిడ్డలే.

మరి చెదిరినవాళ్లు కూడితే? 2024 జనవరి మొదట్లో, కొత్త శిక్షాస్మృతిలో ప్రమాదం చేసి పారిపోతే పదేళ్ల జైలు అన్న నిబంధనపై డ్రైవర్లు లారీలు ఆపేశారు. హైదరాబాదులో పెట్రోలు బంకుల ముందు జనం బారులు తీరారు. ఆ జులై 1న కొత్త చట్టం అమలుకు పెట్టినప్పుడు ఆ ఒక్క నిబంధనను పక్కన పెట్టక తప్పలేదు.

కనుక అడగవలసింది స్పష్టం. దారి మూసిన ప్రతి రోజుకూ డ్రైవర్‌కు, క్లీనర్‌కు హాల్టింగ్ కూలి కట్టాలి. ఉధంపూర్, రాంబన్, బనిహాల్, ఖాజీగుండ్‌లలో వెచ్చని బస, భోజనం, మరుగుదొడ్డి, వైద్యం ఉండాలి. కుళ్లే సరుకు లారీలను ముందు వదలాలి. రైతుకు పంట బీమా మండీ చేరేదాకా వర్తించాలి. ఒక్క లారీ ఉన్నచోట కూడా పనిగంటల చట్టం అమలు కావాలి.

ఈసారి మన ఊరి బజారులో యాపిల్ కనిపిస్తే ధర అడగండి. ఆ ధరలో చెట్టు పెంచినవాడికెంత, కోసిన కూలీకెంత, మంచులో మోసుకొచ్చినవాడికెంత అని కూడా అడగండి. మన మిరప మీద, మన పత్తి మీద మనం అడుగుతున్న ప్రశ్నా అదే.