బ్రేకు పెద్దదైతే బండి తొందరగా ఆగుతుందా?

"పెళ్ళికి బ్రేకు పడింది", "చదువుకు బ్రేకు పడింది" అని మనం మామూలుగా అంటుంటాం. మాటల్లో బ్రేకు అంటే అడ్డంకి. రోడ్డు మీద మాత్రం అది ధైర్యం. ఆపగలం అనే నమ్మకం ఉంటేనే ఎవరైనా యాక్సిలరేటర్ తొక్కుతారు. ఆ నమ్మకం ఎంతవరకు నిజమో తెలుసుకోవాలని ఈ వ్యాసం రాస్తున్నాను.

మా అమ్మది తెలుగు, అప్పాది తమిళం. ఇంట్లో వాదన ఏ భాషలో మొదలైనా రెండింట్లోనూ సాగుతుంది. ఈ మధ్య వచ్చిన వాదన కారు గురించి. అప్పా ఉద్యోగానికి వారంలో ఐదు రోజులు హోసూరు నుంచి కృష్ణగిరికి పాత చిన్న కారులో వెళ్ళి వస్తారు. ముందు చక్రాలకు డిస్కు, వెనక చక్రాలకు డ్రమ్ము ఉన్న కారు అది. "బ్రేకు సరిగా పట్టడం లేదు, పెద్ద డిస్కులు వేయిద్దాం" అని అన్నయ్య అన్నాడు. దానికయ్యే ఖర్చూ నా వచ్చే సంవత్సరం ఫీజూ ఒకే నెలలో వచ్చి పడ్డాయి. అందుకే ఈ విషయం నాకు సైన్సు పాఠంలా అనిపించలేదు. మా ఇంటి లెక్కలా అనిపించింది.

ముందు, బ్రేకు చేసే పనేమిటో చూద్దాం. పరుగెత్తే కారులో శక్తి ఉంటుంది. కారు ఆగాలంటే ఆ శక్తి ఎక్కడికో పోవాలి. బ్రేకు దాన్ని రాపిడితో వేడిగా మారుస్తుంది. పెడల్ తొక్కితే మాస్టర్ సిలిండర్‌లోని ద్రవం మీద ఒత్తిడి పడుతుంది. ఆ ఒత్తిడి గొట్టాల ద్వారా చక్రాల దగ్గరికి వెళ్ళి, ప్యాడ్లు డిస్కును రెండు వైపులా గట్టిగా పట్టుకునేలా చేస్తుంది. మనం ఇంటర్‌లో చదివి మరిచిపోయిన పాస్కల్ సూత్రం ఇదే.

వేగం రెట్టింపైతే ఈ శక్తి నాలుగు రెట్లవుతుంది. అందుకే వేగం కొంచెం పెరిగినా ఆగే దూరం చాలా పెరుగుతుంది. మంచి టైర్లు, పొడి తారురోడ్డు అనుకుని లెక్క వేశాను. గంటకు 60 కిలోమీటర్ల వేగంలో బ్రేకు పట్టాక కారు ఆగడానికి సుమారు 20 మీటర్లు కావాలి. 80లో 36 మీటర్లు, 100లో 56 మీటర్లు. వీటికి డ్రైవరు ప్రమాదాన్ని చూసి పెడల్ తొక్కడానికి పట్టే ఒక సెకను కూడా కలపాలి. 80 వేగంలో ఆ ఒక్క సెకనులోనే కారు 22 మీటర్లు వెళ్ళిపోతుంది. అంటే మొత్తం 58 మీటర్లు. వాన పడి రోడ్డు తడిసి పట్టు సగానికి దగ్గరగా తగ్గితే ఆ 36 మీటర్లే 60 దాటుతాయి.

ఇందులో గమనించాల్సింది ఒకటుంది. ఈ లెక్కలో డిస్కు సైజు ఎక్కడా రాలేదు. వచ్చింది టైరుకూ రోడ్డుకూ మధ్య ఉన్న పట్టు మాత్రమే. బ్రేకు ఆపేది చక్రాన్ని. కారును ఆపేది టైరు. ఉన్న బ్రేకు చక్రం తిరగకుండా బిగించగలిగినంత బలంగా ఉంటే, ఇంకా పెద్ద బ్రేకు వేసినంత మాత్రాన ఒక్కసారి ఆగే దూరం పెద్దగా తగ్గదు. అరిగిన టైర్లతో ఖరీదైన బ్రేకు వేయడమంటే నూనె రాసుకున్న చేతులతో తాడు లాగడమే.

మరి పెద్ద డిస్కు దండగేనా? కాదు. దాని ఉపయోగం వేడి దగ్గర తెలుస్తుంది. పెద్ద డిస్కు, అందులోనూ మధ్యలో గాలి పోయే ఖాళీలున్న డిస్కు, ఎక్కువ వేడిని తట్టుకుని తొందరగా చల్లారుతుంది. 1953లో ఫ్రాన్సులోని లె మాన్ 24 గంటల పందెంలో డిస్కు బ్రేకులున్న జాగ్వార్ కారు గెలిచింది. రోజంతా పదే పదే బ్రేకు వేస్తే డ్రమ్ములు వేడెక్కి పట్టు తప్పుతాయి. డిస్కులు గాలికి తెరిచి ఉంటాయి కాబట్టి నిలిచాయి. మన దగ్గర వేడి సమస్య వచ్చేది దిగుడులో.

హోసూరు సముద్ర మట్టానికి సుమారు 900 మీటర్ల ఎత్తులో ఉంది. కృష్ణగిరి అంతకంటే 300 మీటర్లకు పైగా కింద ఉంది. 1000 కిలోల కారు 100 మీటర్ల ఎత్తు దిగితే విడుదలయ్యే శక్తి, అదే కారును 80 వేగం నుంచి నాలుగుసార్లు ఆపినంత. అది మూడు లీటర్ల నీళ్ళను మరిగే దాకా కాచేంత వేడి. మన జాతీయ రహదారి 44లో ఈ దిగుడు దాదాపు 50 కిలోమీటర్ల పొడవునా పరుచుకుని ఉంది కాబట్టి గాలీ ఇంజనూ చాలావరకు మింగేస్తాయి. అదే రోడ్డులో ఇంకా దక్షిణానికి, ధర్మపురి దాటాక వచ్చే తొప్పూరు కనుమ అలా కాదు. అక్కడ బరువు లారీలు బ్రేకు పట్టక ముందున్న బండ్లను గుద్దిన వార్తలు మనం ఎన్నిసార్లు చదవలేదు!

డీజిల్ మిగులుతుందని కొందరు దిగుడులో న్యూట్రల్ వేస్తారు, ఇంకొందరు ఇంజనే ఆపేస్తారు. గేరులో ఉంటే ఇంజను కూడా బండిని వెనక్కి పట్టి ఉంచుతుంది. న్యూట్రల్ వేస్తే ఆ భారమంతా బ్రేకు మీదే పడుతుంది. చిన్న కార్లలో ఇంజను ఆపితే పెడల్‌కు సాయం చేసే బూస్టర్ రెండు మూడు తొక్కుల తర్వాత పనిచేయదు, స్టీరింగూ బిగుసుకుంటుంది. కాబట్టి దిగుడులో తక్కువ గేరు వేసుకోవాలి. ఇది పైసా ఖర్చు లేని బ్రేకు.

వేడికి లొంగే ఇంకో వస్తువు బ్రేక్ ఆయిల్. పేరుకు ఆయిల్ అంటాం గానీ మామూలుగా వాడేది నూనె కాదు, గ్లైకాల్ రకం ద్రవం. అది గాలిలోని తేమను పీల్చుకుంటుంది. డాట్ 3 రకం కొత్తగా ఉన్నప్పుడు కనీసం 205 డిగ్రీల దాకా మరగకూడదని ప్రమాణం. తేమ చేరాక అది 140కి పడిపోతుంది. డాట్ 4కి ఇవే అంకెలు 230, 155. ద్రవం మరిగితే గొట్టంలో ఆవిరి బుడగలు వస్తాయి. బుడగ నలుగుతుంది, ద్రవం నలగదు. అందుకే పెడల్ మెత్తగా లోపలికి పోతుంది, బండి మాత్రం ఆగదు. రెండేళ్ళకోసారి దీన్ని మార్చమని చెప్పేది ఇందుకే. డాట్ 5 అనే సిలికాన్ రకాన్ని మాత్రం వీటితో కలపకూడదు.

పెద్ద కిట్ వేయించాలనుకునేవాళ్ళు ఇంకో రెండు సంగతులు చూసుకోవాలి. బ్రేకు వేసినప్పుడు బరువు ముందుకు వాలుతుంది, అందుకే ముందు బ్రేకులే ఎక్కువ పని చేస్తాయి. కంపెనీ ముందూ వెనకా తూకం చూసి అమరుస్తుంది. ఒకవైపే మారిస్తే ఆ తూకం చెడుతుంది. కాలిపర్ పిస్టన్లు పెద్దవైతే ఎక్కువ ద్రవం కావాలి, పాత మాస్టర్ సిలిండర్ చాలకపోతే పెడల్ లోతుకు పోతుంది. పెద్ద డిస్కు పాత చక్రంలో పట్టకపోవచ్చు కూడా. మోటారు వాహనాల చట్టం సెక్షన్ 52 ప్రకారం ఆర్‌సీలో ఉన్న వివరాలకు తేడా వచ్చేలా బండిని మార్చకూడదు కాబట్టి ముందే అడిగి తెలుసుకోవడం మంచిది.

ఇవన్నీ కాగితం మీద రాసి ఇంట్లో చూపించాను. మెకానిక్ అన్న చక్రాలు విప్పి చూస్తే ప్యాడ్లు అట్టముక్కల్లా పలచబడి ఉన్నాయి, బ్రేక్ ఆయిల్ కాఫీ రంగులో ఉంది. టైర్లు, ప్యాడ్లు, వెనక షూలు, ఆయిల్ మార్చారు. పెద్ద డిస్కులు వద్దనుకున్నారు. కొత్త ప్యాడ్లు డిస్కుతో సర్దుకునే దాకా మొదటి రెండు మూడు వందల కిలోమీటర్లు గట్టిగా బ్రేకు వేయవద్దని ఆయన చెప్పి పంపారు.

మనలో చాలామందికి కారు లేదు, స్కూటరు ఉంది. లెక్క దానికీ అదే. 2019 ఏప్రిల్ నుంచి 125 సీసీ దాటిన కొత్త బైకులకు ఏబీఎస్, అంతకు తక్కువ వాటికి కనీసం రెండు చక్రాలకూ కలిపి పట్టే సీబీఎస్ తప్పనిసరి అయ్యాయి. మన హోసూరులో ఫ్యాక్టరీ ఉన్న టీవీఎస్ 2011లోనే అపాచీ బైకుకు ఏబీఎస్ పెట్టింది. ఏబీఎస్ చక్రం బిగుసుకుపోకుండా చూస్తుంది, అందుకే బ్రేకు వేస్తూనే హ్యాండిల్ తిప్పి తప్పించుకోవచ్చు. కంకర మీద మాత్రం ఆగే దూరం పెరగవచ్చు.

కాబట్టి ఎవరైనా మీ ఇంట్లో "బ్రేకు మార్పిద్దాం" అంటే ఈ వరుసలో అడగండి. టైరు గాడులు ఎంత మిగిలాయి? గాలి సరిగా ఉందా? ఆయిల్ మార్చి ఎన్నాళ్ళైంది? ప్యాడ్ల మందం ఎంత? ఇవన్నీ బాగుండి, బరువుతో తరచూ ఘాట్లు దిగే బండి అయితే, అప్పుడు పెద్ద డిస్కు గురించి ఆలోచించవచ్చు. ముందున్న బండికీ మనకూ మధ్య ఖాళీ ఎంత వదలాలో మాత్రం ఏ మెకానిక్కూ బిగించి ఇవ్వలేడు.