మీకు తెలుసా? పాతబస్తీలో పసుపు పచ్చ రోల్స్ రాయిస్

• చార్మినార్ దగ్గర లాడ్ బజార్ దాటి ఖిల్వత్ వైపు నడిస్తే చౌమహల్లా ప్యాలెస్. అక్కడున్న నిజాముల కార్లలో అందరి చూపూ పసుపు పచ్చ రోల్స్ రాయిస్ సిల్వర్ ఘోస్ట్ మీదే. వెనక సీటు సింహాసనంలా ఎత్తుగా ఉంటుంది కాబట్టి దానికి ‘థ్రోన్ కార్’ అని పేరు.

• దాన్ని ఆర్డర్ చేసింది ఆరో నిజాం మహబూబ్ అలీఖాన్. కారు చేరకముందే, 1911లో ఆయన కన్నుమూశారు. అది ఏడో నిజాం ఉస్మాన్ అలీఖాన్ వేడుకల బండి అయింది.

• ఆ బ్రాండ్‌కు పరువు తెచ్చింది రాజులు మాత్రమే కాదు. 1907లో జరిగిన ఒక మన్నిక పరీక్షలో సిల్వర్ ఘోస్ట్ దాదాపు 15,000 మైళ్లు తిరిగి తన గట్టిదనం చాటుకుంది. నమ్మకం ముందు, దర్జా తర్వాత!

• అమెరికాలో ప్యాకార్డ్ కూడా సంపన్నుల కారే. మాంద్యం కాలంలో, 1935లో, సుమారు 1,000 డాలర్ల ‘వన్ ట్వంటీ’ని దింపింది. అమ్మకాలు పెరిగి కంపెనీ గట్టెక్కింది కానీ, అందరికీ అందేసరికి పేరులోని మెరుపు తగ్గిందంటారు. 1958తో ఆ పేరే కనుమరుగైంది.

• రోల్స్ రాయిస్ 1971లో దివాలా తీసింది. కారణం కార్లు కాదు, విమాన ఇంజిన్ ఖర్చు. కంపెనీ కూలినా పేరు నిలిచింది. 2003 నుంచి ఆ పేరుతో కార్లు చేస్తున్నది జర్మనీకి చెందిన బీఎండబ్ల్యూ!