రెండు యాసల అమ్మాయి అవంతిక

2024 జనవరిలో ‘మీన్ గర్ల్స్’ సినిమా విడుదలైనప్పుడు, ఇక్కడ ఇల్లినాయ్‌లోని అరోరాలో, హైస్కూలు వయసు ఆడపిల్లలున్న నా స్నేహితురాళ్ళ ఇళ్ళల్లో ఒకటే మాట: “కేరెన్‌గా వేసింది మన తెలుగమ్మాయట!” 2004లో వచ్చిన మొదటి సినిమాలో ఆ పాత్ర పేరు కేరెన్ స్మిత్. అప్పుడు అమాండా సైఫ్రెడ్ వేసింది. కథ కూడా మాకు దగ్గరిదే, షికాగో శివారు ఎవాన్‌స్టన్‌లో జరుగుతుంది. ఇరవై ఏళ్ళ తర్వాత ఆ పిల్ల ఇంటిపేరు మారి కేరెన్ శెట్టి అయింది. వేసిన అమ్మాయి అవంతిక వందనపు.

కేరెన్ అందమైన పిల్ల, అమాయకురాలు, కాస్త మొద్దు. “ఇంత పెద్ద సినిమాలో మన పిల్ల కనబడితే బుర్ర తక్కువ పాత్రా?” అని ఒక స్నేహితురాలు బాధపడింది. నాకు మాత్రం అదే నచ్చింది. అమెరికన్ టీవీలో మన పిల్లలంటే ఎప్పుడూ లెక్కల్లో ఫస్టు, స్పెల్లింగ్ బీలో ప్రైజు. తెలివితక్కువగా ఉండి కూడా అందరి ముద్దూ పొందే హక్కు ఇన్నాళ్ళూ స్మిత్‌లకే ఉండేది. ఇప్పుడు శెట్టికీ వచ్చింది. ఆ సినిమా ప్రపంచం మొత్తం మీద పది కోట్ల డాలర్లకు పైగా వసూలు చేసింది. కేరెన్ శెట్టిని చూసి జనం హాయిగా నవ్వుకున్నారు. ఆమె యాసను చూసి నవ్వలేదు. నేను ఈ వ్యాసం రాస్తున్నది ఆ తేడా గురించే.

అవంతిక 2005 జనవరి 25న కాలిఫోర్నియాలోని యూనియన్ సిటీలో పుట్టింది. తల్లిదండ్రులది హైదరాబాద్. చిన్నప్పటి నుంచీ డాన్స్ నేర్చుకుంది. 2014లో జీ టీవీ వాళ్ళు ఉత్తర అమెరికా పిల్లల కోసం పెట్టిన ‘డాన్స్ ఇండియా డాన్స్ లిటిల్ మాస్టర్స్’ పోటీలో రెండో స్థానం తెచ్చుకుంది. ఇక్కడి దాకా మనకు తెలిసిన కథే. వారాంతం వస్తే డాన్స్ క్లాసు, పండగొస్తే స్టేజీ, మేకప్ పెట్టెతో వెనకాల పరిగెత్తే అమ్మ.

ఆ తర్వాతే కథ మలుపు తిరిగింది. నటిస్తానన్న పదేళ్ళ భారతీయ పిల్లకి అప్పటి హాలీవుడ్‌లో ఎన్ని వేషాలుంటాయి? ఆమెకు తలుపు తెరిచింది తెలుగు సినిమా. 2016లో మహేశ్ బాబు ‘బ్రహ్మోత్సవం’లో కనిపించింది. తర్వాత నాగ చైతన్య ‘ప్రేమమ్’, ‘రారండోయ్ వేడుక చూద్దాం’ లాంటి సినిమాల్లో చిన్న చిన్న పాత్రలు వేసింది. చిన్నవే కానీ, కెమెరా ముందు ఎక్కడ నిలబడాలో, పది టేకుల తర్వాత కూడా అదే మాటను మొదటిసారిలా ఎలా అనాలో నేర్పేవి అవే. ఆ అవకాశం దొరకడానికి ఇంట్లో మాట్లాడే తెలుగు అక్కరకొచ్చింది. వంటింట్లో “అన్నం తిన్నావా” అని అడిగే భాషే ఆ పిల్లకి వృత్తిలో మొదటి మెట్టయింది.

అమెరికాలో అవకాశాలు ఆ తర్వాత వచ్చాయి. డిస్నీ వాళ్ళ ‘డైరీ ఆఫ్ ఎ ఫ్యూచర్ ప్రెసిడెంట్’ సీరియల్‌లో నటించింది. మన దేశపు కథలా సాగే ‘మీరా, రాయల్ డిటెక్టివ్’ కార్టూన్‌కి గొంతు ఇచ్చింది. 2021 ఆగస్టులో డిస్నీ ఛానల్ సినిమా ‘స్పిన్’ వచ్చింది. ఆ ఛానల్ తీసిన సినిమాల్లో భారతీయ అమెరికన్ అమ్మాయి ప్రధాన పాత్రగా ఉన్న మొదటి సినిమా అదేనని అప్పట్లో పత్రికలన్నీ రాశాయి. దర్శకురాలు మంజరి మాకిజానీ. అవంతిక వేసిన రియా తల్లి లేని పిల్ల, ఇంటి రెస్టారెంట్లో సాయం చేస్తూ డీజే కావాలనుకుంటుంది. నాన్నగా అభయ్ దేవల్, ఇంటి పెద్దావిడగా మీరా సయాల్, తమ్ముడిగా ఆర్యన్ సింహాద్రి. ఆ ఇంటిపేరు విని మా ఇంట్లో అందరం ఒక్కసారి చెవులు రిక్కించాం! 2022లో ‘సీనియర్ ఇయర్’, 2024లో ‘మీన్ గర్ల్స్’. అదే ఏడాది మన దేశంలో తీసిన ‘బిగ్ గర్ల్స్ డోంట్ క్రై’ అనే వెబ్ సిరీస్, దాని వెనకే ‘టారో’ అనే హారర్ సినిమా.

ఇంత పేరొచ్చాక ఎదురుదెబ్బలూ తప్పలేదు. 2024లోనే రపుంజెల్ పాత్రకి ఆమెను తీసుకుంటున్నారని ఒక పుకారు పుట్టింది. డిస్నీ అప్పటికి అలాంటి సినిమా ఏదీ ప్రకటించనేలేదు. అయినా ఆమె ఇన్‌స్టాగ్రామ్ నిండా ఒంటి రంగు గురించి నీచమైన రాతలు. అటు మనవాళ్ళూ ఊరుకోలేదు. ఇండియాలో ఇంటర్వ్యూ ఇస్తే ఒక యాస, అమెరికాలో ఇస్తే ఇంకో యాస అని క్లిప్పులు పక్కపక్కన పెట్టి “నటన” అంటూ ఎగతాళి చేశారు.

ఆ ఎగతాళి చూసినప్పుడు నాకు నవ్వొచ్చింది. ఈ దేశానికొచ్చిన కొత్తల్లో డ్రైవ్‌త్రూలో “వాటర్” అని మూడుసార్లు అడిగి, చివరికి “వాడర్” అంటే గానీ గ్లాసు చేతికి రాని అనుభవం మనలో ఎవరికి లేదు? ఆఫీసులో “స్కెజూల్” అన్న నోటితోనే, సాయంత్రం అమ్మతో ఫోన్లో “షెడ్యూల్ కుదరట్లేదమ్మా” అంటాం. అది నటన కాదు. ఎదుటివాళ్ళకి అర్థమయ్యేలా మాట్లాడాలన్న మర్యాద. అవంతిక చేసిందీ అదే.

ఒకప్పుడు మనకు ఆ మర్యాద దక్కేది కాదు. ‘ద సింప్సన్స్’ కార్టూన్లో అపూ అనే కొట్టు యజమానికి 1990 నుంచీ గొంతు ఇచ్చింది హ్యాంక్ అజారియా అనే తెల్లాయన. ఆ వంకర యాసను బడిలో పిల్లలు అనుకరిస్తే ఒక తరం మన పిల్లలు తలదించుకున్నారు. ఇదేమిటని గట్టిగా అడిగినవాడు న్యూయార్కులో తెలుగింట పుట్టిన హాస్యనటుడు హరి కొండబోలు. 2017లో ‘ద ప్రాబ్లమ్ విత్ అపూ’ అనే డాక్యుమెంటరీ తీశాడు. 2020లో అజారియా ఆ గొంతు ఇక ఇవ్వనన్నాడు. హరి ఆ ప్రశ్న అడిగిన ఏడేళ్ళకి కేరెన్ శెట్టి వచ్చింది.

మా అమ్మాయికి పదిహేనేళ్ళు. స్కూల్లో డ్రామా క్లబ్బులో ఉంది. నటన నేర్చుకుంటానంటే ఇంట్లో ముందు లేచే ప్రశ్న “మరి చదువో?” అని. ఆ ప్రశ్న తప్పు కాదు. ఈ దారిలో ఖర్చుంది, పిల్లతో సెట్టుకి వెళ్ళి కూర్చునే పెద్దవాళ్ళు కావాలి, ఇన్నీ చేసినా వేషం వస్తుందన్న హామీ లేదు. ఒకవేళ వస్తే, తెలుసుకోవలసినవి కొన్ని ఉన్నాయి. కాలిఫోర్నియాలో బాలనటుల సంపాదనలో 15 శాతం వాళ్ళ పేరనే ట్రస్టు ఖాతాలో వెయ్యాలి. జాకీ కూగన్ అనే బాలనటుడి డబ్బంతా ఇంట్లోవాళ్ళే ఖర్చు చేసేస్తే, 1939లో పుట్టిన చట్టం అది. మా ఇల్లినాయ్ 2024 జులై నుంచి యూట్యూబ్ లాంటి వాటిలో కనబడే పిల్లలకీ ఆదాయంలో వాటా దాచాలంటోంది.

నేర్చుకోవాలంటే లాస్ ఏంజెలెస్ దాకా పోనక్కరలేదు. అరోరాలో 1931లో కట్టిన పారమౌంట్ థియేటర్ ఉంది, వాళ్ళే పిల్లలకి నటన క్లాసులు పెడతారు. ఇక్కడే బాలాజీ గుడి ఉంది, పండగలకి మన పిల్లలు స్టేజీ ఎక్కుతారు. ఒకచోట అమెరికన్ ఇంగ్లీషు, ఇంకోచోట తెలుగు. ఆ రెండూ మన పిల్లలకి వచ్చి ఉండటం మామూలు సంగతి కాదు.

“మా ఫ్రెండ్స్ ముందు తెలుగులో మాట్లాడకమ్మా” అని పిల్లలు అంటూనే ఉంటారు. మీ ఇంట్లోనూ అని ఉంటారు. ఈసారి అన్నప్పుడు గొడవపడకండి. పక్కన కూర్చోబెట్టుకుని ముందు ‘మీన్ గర్ల్స్’, ఆ తర్వాత ‘బ్రహ్మోత్సవం’ పెట్టండి. రెండింట్లోనూ ఉన్నది ఒకే పిల్ల అని మాత్రం చెప్పండి. మిగిలింది వాళ్ళే ఆలోచించుకుంటారు.