కోచ్ వెళ్ళిపోతున్న ఏడాది

మా వాడు ప్రాక్టీసు నుంచి వస్తూనే బూట్లు గరాజ్‌లో ఓ మూలకి విసిరేశాడు. హైస్కూల్ ఫుట్‌బాల్ టీములో ఆడుతున్నాడు. ఈ సీజన్ అయిపోగానే వాళ్ళ కోచ్ మానేస్తున్నాడట. "ఆయనే ఉండనప్పుడు ఇంకెవరి కోసం ఆడాలి నాన్నా? నేనూ మానేస్తా" అన్నాడు. వాళ్ళమ్మ లోలోపల సంతోషించిందనే నా అనుమానం. దెబ్బలు తగిలే ఆట అని ఆవిడకి మొదట్నించీ భయం. నాకు మాత్రం 1997 గుర్తొచ్చింది.

ఆ ఆగస్టులో ఎమ్మెస్ చెయ్యడానికి నెబ్రాస్కా రాష్ట్రంలోని లింకన్‌లో దిగాను. ఫుట్‌బాల్ అంటే కాలితో తన్నే ఆట అనుకునే రోజులు. ఇంట్లో మ్యాచ్ ఉన్న శనివారం వచ్చిందంటే ఊరు ఊరంతా ఎర్రచొక్కాలే. యూనివర్సిటీ స్టేడియంలో డెబ్భై వేలకు పైగా జనం. కోచ్ టామ్ ఆస్బోర్న్. 1973 నుంచీ ఆయనే. గెలిచినా ఓడినా ముఖంలో పెద్దగా తేడా ఉండదు. మన ఊళ్ళో లెక్కల మాస్టార్లని చూసినట్టే ఉండేది నాకు. ఆయనకి ఎడ్యుకేషనల్ సైకాలజీలో డాక్టరేట్ ఉందని తెలిశాక గౌరవం ఇంకాస్త పెరిగింది. చదువు చూసి గౌరవించడం మన రక్తంలోనే ఉంది కదా!

నవంబర్ 8 సాయంత్రం అపార్ట్‌మెంట్ లాండ్రీ రూములో బట్టలు ఆరేదాకా కూర్చున్నాను. పక్కన ఓ పెద్దాయన రేడియో చెవికి ఆనించుకుని వింటున్నాడు. మిస్సోరీతో మ్యాచ్, వాళ్ళ ఊళ్ళో. అప్పటిదాకా ఒక్కటీ ఓడని నెబ్రాస్కా ఏడు పాయింట్లు వెనకపడింది. మిగిలినవి ఏడే సెకన్లు. క్వార్టర్‌బ్యాక్ స్కాట్ ఫ్రాస్ట్ విసిరిన బంతి షెవిన్ విగ్గిన్స్ చేతికి దక్కలేదు. కింద పడబోతుంటే అతని కాలు తగిలి పైకి లేచింది. మ్యాట్ డేవిసన్ అనే ఫస్టియర్ కుర్రాడు నేలకి తాకేలోపు దూకి పట్టేశాడు. టచ్‌డౌన్! ఆరు పాయింట్లు. కావాలని తన్నడం రూలుకి విరుద్ధం, కానీ రిఫరీలు తప్పు పట్టలేదు.

టచ్‌డౌన్ తర్వాత బంతిని కర్రల మధ్య నుంచి తంతే ఇంకో పాయింటు. తన్నకుండా మళ్ళీ గీత దాటిస్తే రెండు. నెబ్రాస్కా తన్నింది, 38-38. అప్పుడు పెద్దాయన ఊపిరి పీల్చుకుని 1984 సంగతి చెప్పాడు. ఆ జనవరి 2న ఆరెంజ్ బౌల్‌లో మయామీ 31, నెబ్రాస్కా 30. అప్పట్లో కాలేజీ ఆటకి ఓవర్‌టైం లేదు. ఒక్క పాయింటు తన్నుకుని డ్రా చేసుకుంటే, ఆ ఏడాది ఓటమి ఎరగని నెబ్రాస్కాకే మొదటి స్థానం దక్కేదని అందరి లెక్క. ఆస్బోర్న్ రెండు పాయింట్లకే వెళ్ళాడు. పాస్ తప్పింది, మ్యాచ్ పోయింది. ఆయనకి తొలి టైటిల్ 1994లో గానీ రాలేదు. మరి ఈసారి ఎందుకు తన్నించాడంటారా? 1996లో ఓవర్‌టైం వచ్చింది. ఇప్పుడు డ్రా అంటే ఆట ముగియడం కాదు, ఇంకా ఆడొచ్చన్నమాట. ఓవర్‌టైంలో 45-38తో గెలిచారు. అయినా అదే రోజు మిషిగన్ 34-8తో పెన్ స్టేట్‌ని చితక్కొట్టి మొదటి ర్యాంకు తీసుకెళ్ళిపోయింది.

డిసెంబర్ 10న ఆస్బోర్న్ రిటైరవుతున్నానని ప్రకటించాడు. చివరి మ్యాచ్‌కి ఇంకా మూడు వారాలుంది. నాకు ఇప్పటికీ ఆశ్చర్యం కలిగించేది ఆ మూడు వారాలే. వెళ్ళిపోయే మనిషి మాట వినక్కర్లేదని ఇరవయ్యేళ్ళ కుర్రాళ్ళకి అనిపించాలి కదా. మా ఆఫీసుల్లో మేనేజర్ రాజీనామా ఇస్తే మర్నాటి నుంచే మీటింగులకి జనం తగ్గిపోతారు!

1998 జనవరి 2. మళ్ళీ ఆరెంజ్ బౌలే. ఎదురుగా టెనెసీ, వాళ్ళ క్వార్టర్‌బ్యాక్ పేటన్ మ్యానింగ్. సగం ఆటకి 14-3. తర్వాత నెబ్రాస్కా బంతిని విసరడం దాదాపు మానేసి, పరిగెత్తి పరిగెత్తి వాళ్ళని అలసగొట్టింది. ఆహ్మన్ గ్రీన్ ఒక్కడే 206 గజాలు. ఫలితం 42-17. విలేకరుల ఓటు మిషిగన్‌కి, కోచ్‌ల ఓటు నెబ్రాస్కాకి. ఇద్దరూ చాంపియన్లే. ఆస్బోర్న్ మొత్తం లెక్క 255 గెలుపులు, 49 ఓటములు, 3 డ్రాలు.

తర్వాతి సంగతీ మా వాడి దగ్గర దాచలేదు. కొత్తగా వచ్చిన ఫ్రాంక్ సోలిచ్‌ని, 2003లో తొమ్మిది మ్యాచ్‌లు గెలిచినా పంపించేశారు. ఆ స్కాట్ ఫ్రాస్టే 2018లో కోచ్‌గా తిరిగొచ్చి, 2022లో ఉద్యోగం పోగొట్టుకున్నాడు.

అంతా విని కాసేపు మాట్లాడలేదు. "ఇంతకీ ఆ ఏడాది అసలు ఫస్ట్ ఎవరు నాన్నా?" అన్నాడు.

"నెబ్రాస్కానే. మిషిగన్‌లో చదివిన మీ బాబాయిని మాత్రం అడక్కు."

మర్నాడు సాయంత్రం చూస్తే గరాజ్ మూల బూట్లు లేవు. ఇంకా మూడు మ్యాచ్‌లున్నాయి. వాళ్ళమ్మ కాస్ట్‌కోకి వెళ్ళి ఐస్ ప్యాక్‌లు తెచ్చిపెట్టింది.